హ్యాండిల్ ఎవరి కొలతకు?

పాత మోటార్‌సైకిల్‌కి హ్యాండిల్ మార్చవచ్చా, క్లాంపుల కింద రైజర్లు పెట్టి దాన్ని ఎత్తు చేయవచ్చా అన్న ప్రశ్న మీద విజయవాడలో ఒక మావయ్యకీ మేనకోడలికీ జరిగిన వాదన ఇది. బండి 1980ల నాటి బుల్లెట్ 350. పోత ఇనుము ఇంజిను, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు, ముందూ వెనకా డ్రమ్ములే. అమ్మాయి తండ్రిది. ఆయన నడపడం మానేశాక తాళంచెవి ఆమె చేతికొచ్చింది. మావయ్య రాయనపాడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇద్దరికీ ఆ బండంటే ప్రాణం. అందుకే ఎవరూ తేలిగ్గా పట్టు వదల్లేదు.

మేనకోడలు: మావయ్యా, బండికి హ్యాండిల్ మారుద్దామనుకుంటున్నాను. వెడల్పుగా, ఎత్తుగా ఉండేది ఒకటి చూసి పెట్టాను. ఇప్పుడున్నది నాకు అందడం లేదు. తిన్నటి రోడ్డు మీద ఎలాగో సర్దుకుంటాను గానీ, యూటర్న్ తిప్పేటప్పుడు బయటివైపు గ్రిప్పు నా చేతికి దూరమైపోతుంది. నడుం ముందుకి లాక్కుని తిప్పాలి. గంట నడిపేసరికి మెడ పట్టేస్తుంది, చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతాయి.

మావయ్య: నీ నొప్పిని కాదనను. దానికి మందు కొత్త హ్యాండిలే అని ఎవరు తేల్చారు? సీటు, ఫుట్‌రెస్టు, హ్యాండిల్, ఈ మూడింటి మధ్యే మనిషి ఒదగాలి. బండి చేసినవాళ్ళు ఆ మూడూ కలిపి లెక్క వేశారు, నడిపి చూశారు, ఆ తర్వాతే అమ్మారు. ఇన్నేళ్ళూ తిన్నగా నడిచిన బండిలో ఒక మూల కదిపితే మిగతా రెండు మూలలూ కదిలినట్టే.

మేనకోడలు: లెక్క వేశారు, ఒప్పుకుంటాను. ఎవరి ఒంటికి వేశారు? ఆ బండి గీసింది ఇంగ్లండులో, రెడిచ్‌లో. 1950ల మొదట్లో మన సైన్యం సరిహద్దుల్లో తిరగడానికి బుల్లెట్‌ని ఎంచుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. సిపాయిల చేతుల్లో పెరిగిన బండి అది. ఐదడుగుల రెండంగుళాల ఆడపిల్ల కూడా దీన్ని నడుపుతుందని ఆనాడు ఎవరూ కొలత తీయలేదు. నేను నడపాలంటే ఆ కొలత ఇప్పుడు తీయాల్సిందే.

మావయ్య: అయితే నీ ఒంటి నుంచే మొదలుపెడదాం. పైసా ఖర్చు లేని పనులు ముందు చేశావా? క్లాంపులు కాస్త వదులు చేసి హ్యాండిల్‌ని నాలుగైదు డిగ్రీలు నీ వైపు తిప్పి చూశావా? క్లచ్ లివరు, బ్రేక్ లివరు ఏ వాలులో ఉన్నాయి? మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా ఒకే గీత రావాలి. లివర్లు మరీ పైకి చూస్తుంటే మణికట్టు వెనక్కి విరుగుతుంది. సీటు ఫోము అణిగిపోయి వెనక్కి పల్లంగా ఉంటే నువ్వు తెలీకుండా జారిపోతావు, ఆ జారిందంతా హ్యాండిల్‌కి దూరమే.

మేనకోడలు: లివర్లు కిందికి సర్దాను. బొటనవేలు, చూపుడువేలు వైపు లాగుడు తగ్గింది. ఆ వేళ్ళ నరం మణికట్టు మధ్యలోంచి వెళ్తుంది, మణికట్టు తిన్నగా ఉంటే అది నలగదు. చిటికెన వేలి సంగతి వేరు. ఆ నరం అరచేతి అడుగున, అంచువైపు ఉంటుంది. అందని హ్యాండిల్ కోసం ముందుకి వాలితే నా ఒంటి బరువంతా ఆ అంచు మీదే పడుతోంది. హ్యాండిల్ నా వైపు తిప్పి కూడా చూశాను. గ్రిప్పులు దగ్గరికొచ్చాయి గానీ అంతకంత కిందికి దిగాయి. దగ్గరైన సుఖం వంగడంలో పోయింది.

మావయ్య: హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగు, ఆ కోన్‌సెట్ చూశావా? పాత బండి తిప్పడం కష్టంగా ఉందని ఎవరైనా అంటే నా చెయ్యి ముందు అక్కడికే పోతుంది. సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లోకి లేపాలి. హ్యాండిల్‌ని మధ్యలో పెట్టి చిన్నగా తోస్తే ఏ పక్కకైనా తనంతట తానే జారిపోవాలి. మధ్యలో గాడిలో పడ్డట్టు ఆగిందంటే కప్పుల్లో బాల్స్ గుంటలు చేశాయని లెక్క. అప్పుడు తిప్పడానికి బలం చాలదు. బలం కోసం జనం వెడల్పు హ్యాండిల్ వేస్తారు. రోగం ఒకటి, మందు ఇంకొకటి. గుంటలు పడ్డ కోన్‌సెట్ అలాగే ఉండిపోతుంది.

మేనకోడలు: అలాగే ఆగేది, మావయ్యా. కప్పులు, కోన్లు, బాల్స్ అన్నీ మార్పించాను. తిప్పడం తేలికైంది. దూరం మాత్రం దూరంగానే ఉంది. అసలు హ్యాండిల్ ముట్టుకుంటే బండి బండి కాకుండా పోతుందన్న మాటే నాకు మింగుడుపడదు. చేసినవాళ్ళే మార్చారు కదా! రాయల్ ఎన్‌ఫీల్డ్ 1964లో కాంటినెంటల్ జీటీ 250 తెచ్చినప్పుడు ఫోర్కులకి నేరుగా బిగించే క్లిప్-ఆన్ హ్యాండిళ్ళతో ఫ్యాక్టరీ నుంచే అమ్మింది. ట్రయంఫ్ బానవిల్ ఇంగ్లండులో పొట్టి హ్యాండిల్‌తో, అమెరికాలో ఎత్తు హ్యాండిల్‌తో అమ్ముడుపోయింది. అక్కడి దూరాలు వేరు, అక్కడివాళ్ళు కూర్చునే తీరు వేరు. ఫ్యాక్టరీ మనిషిని బట్టి మారిస్తే తప్పు కానిది, నేను నన్ను బట్టి మారిస్తే ఎలా తప్పవుతుంది?

మావయ్య: వాళ్ళు మార్చింది హ్యాండిల్ ఒక్కటే అనుకుంటున్నావా? హ్యాండిల్‌తో పాటు కేబుళ్ళ పొడవు కూడా మారింది. మనవాళ్ళు రాడ్డు ఒక్కటి కొని బిగించి వెళ్ళిపోతారు. అసలు సంగతి ఇంకోటుంది. నీ కష్టం ఏమిటన్నావు? మలుపులో బయటి చెయ్యి అందడం లేదని. హ్యాండిల్ వెడల్పైతే బయటి గ్రిప్పు ఇంకా పెద్ద చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు అందనిది అప్పుడు అస్సలు అందదు. నువ్వు చూసిపెట్టిన హ్యాండిల్ నీ రోగాన్ని పెంచే హ్యాండిల్.

మేనకోడలు: ఆ మాటకి ఎదురు లేదు. వెడల్పు వద్దు. ఎత్తు సంగతేమిటి?

మావయ్య: ఎత్తుకీ హద్దుంది. 1969లో వచ్చిన ఈజీ రైడర్ సినిమా చూసి ప్రపంచమంతా భుజాల పైకి లేచే హ్యాండిళ్ళ వెంట పడింది. చేతులు గుండెకంటే పైన ఉంటే నెత్తురు వెనక్కి దిగుతుంది, కాసేపటికే చేతులు మొద్దుబారతాయి. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో హ్యాండిల్ ఎత్తుకి చట్టమే హద్దు పెట్టింది. ఎత్తు పెరిగితే ఒళ్ళు నిటారుగా లేచి గాలంతా ఛాతీకి తగులుతుంది. బరువు వెనక్కి పోయి ముందు చక్రం మీద పట్టు తగ్గుతుంది. పొడుగాటి రాడ్డు ఇంజిను అదురుకి ఎక్కువ ఊగుతుంది కూడా. ఒంటి సిలిండరు బండికి అది చిన్న విషయం కాదు.

మేనకోడలు: భుజాల దాకా ఎవరడిగారు? కొలిచే వచ్చాను. బండిని ఒకళ్ళు నిలబెట్టి పట్టుకుంటే నేను సీట్లో మామూలుగా కూర్చున్నాను. కళ్ళు మూసుకుని, భుజాలు వదిలేసి, మోచేతులు కాస్త మడిచి చేతులు ముందుకి చాచాను. అరచేతులు ఆగిన చోటుకీ గ్రిప్పులకీ మధ్య దూరం తమ్ముడు టేపు పెట్టి కొలిచాడు. నాకు కావాల్సింది 40 మిల్లీమీటర్లు వెనక్కి, 25 మిల్లీమీటర్లు పైకి. అంతే.

మావయ్య: ఇది మాట. అయితే ఏ రైజరు? మామూలు రైజరు క్లాంపుని ఎత్తుతుంది. క్లాంపు ఫోర్కు వాలులోనే ఉండి, ఆ వాలు నిలువుకి 27 డిగ్రీలనుకో. 40 మిల్లీమీటర్ల రైజరు పెడితే నీకు పైకి దాదాపు 36 వస్తుంది, వెనక్కి 18 మాత్రమే. నువ్వడిగింది తలకిందులు.

మేనకోడలు: అందుకే పుల్‌బ్యాక్ రైజర్లు అడుగుతున్నాను. అవి కాస్త ఎత్తి, ఎక్కువ వెనక్కి తెస్తాయి. పాత రాడ్డు అలాగే ఉంటుంది, దాని వెడల్పు మారదు. రాడ్డు మందం క్లాంపు దగ్గర 22 మిల్లీమీటర్లు. అదే కొలత రైజరు తీసుకుంటాను. లావు రాడ్డుకి చేసిన రైజర్లలో సన్న రాడ్డుకి చుట్టూ రేకు చుట్టి బిగించే పని నేను చేయను.

మావయ్య: చేయకూడదు కూడా. రైజరు ఒక మీట లాంటిదని మర్చిపోకు. నువ్వు హ్యాండిల్ మీద తోసే ప్రతి తోపూ రైజరు పొడవునా పెరిగి దాని అడుగున ఉన్న బోల్టు మీద పడుతుంది. 25 మిల్లీమీటర్ల రైజరు బదులు 75 పెడితే అదే తోపుకి అడుగున మూడింతలు వంపు బలం. గుంతలో పడ్డప్పుడు, సడన్ బ్రేకు వేసినప్పుడు ఆ బోల్టే నిన్ను నిలబెట్టాలి. బుల్లెట్‌లో ఆ బోల్టు దిగేది హెడ్‌లైటునీ స్పీడోమీటరునీ పట్టుకున్న క్యాస్కెట్‌లోకి, అది అల్యూమినియం పోత. అల్యూమినియంలో మర తేలిగ్గా తెగుతుంది. 8 మిల్లీమీటర్ల బోల్టు లోపలికి కనీసం 12 మిల్లీమీటర్లన్నా మర పట్టాలి. మిల్లీమీటర్ల బోల్టైతే తల మీద 8.8 అని గుర్తు లేనిదాన్ని దగ్గరికి రానివ్వకు.

మేనకోడలు: రైజర్లతో వచ్చే బోల్టులు సరిపోవా?

మావయ్య: మర చూడందే ఎలా చెప్తాం? ఆ కాలపు బుల్లెట్లలో బ్రిటిష్ మరలు ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు. 8 మిల్లీమీటర్ల బోల్టుకీ దానికీ తేడా కంటికి ఆనదు. మర చుట్టు మాత్రం వేరు. రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటే, సరిగ్గా పట్టిందనుకుని పానాతో తిప్పేస్తారు. లోపల మర అక్కడికక్కడే చస్తుంది. మర గేజి పెట్టి చూసి, అదే మరకి బోల్టు తేవాలి. వేళ్ళతో చివరిదాకా తిరగని బోల్టుని పానాతో తిప్పొద్దు.

మేనకోడలు: సరే. బోల్టులు నీకు వదిలేస్తాను. కేబుళ్ళు చెప్పు. 40 మిల్లీమీటర్లకి ఉన్నవే సరిపోతాయంటున్నారు షాపుల్లో.

మావయ్య: హ్యాండిల్ తిన్నగా ఉంటే సరిపోవచ్చు. తిప్పి చూశారా వాళ్ళు? హ్యాండిల్‌కి వేలాడేవన్నీ లెక్కపెట్టు. ఎక్సలేటర్ వైరు, క్లచ్ వైరు, ముందు బ్రేకు వైరు, ఎడమవైపు డీకంప్రెసర్ వైరు, హారను డిప్పు స్విచ్చుల వైరింగు. ఒక్కోటీ రెండు వైపులా చివరిదాకా తిప్పినా వదులుగా ఉండాలి. ఎక్సలేటర్ వైరు పొట్టిదైతే ఏమవుతుందో తెలుసా? దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్‌లో మెలి మలుపు దగ్గర నువ్వు హ్యాండిల్ పూర్తిగా తిప్పుతావు. వైరు లాక్కుపోయి, నీ చెయ్యి కదలకుండానే ఇంజిను ఎత్తుకుంటుంది. మలుపులో వేగం తగ్గాల్సిన చోట బండి ముందుకి దూకుతుంది. 160 కిలోల పైబడిన బండి అది. ఒక పక్క లోయ.

మేనకోడలు: అందుకే స్టాండ్ మీద ఇంజిను నిదానంగా తిరుగుతుండగా రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. చప్పుడు ఏమాత్రం మారినా వైరు పొట్టిదన్నట్టే. క్లచ్ వైరు బిగిస్తే లివరు వదిలినా క్లచ్ పూర్తిగా పట్టదు, ప్లేట్లు జారి అరుగుతాయి. లివరు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట మిగలాలి. బ్రేకు వైరు బిగిస్తే డ్రమ్ము లోపల లైనర్లు రాసుకుంటూ వేడెక్కుతాయి. ఇవన్నీ నాకు తెలుసు మావయ్యా. తెలుసు కాబట్టే మార్చగలనంటున్నాను.

మావయ్య: ఇంకొకటి చెప్పు. పొడుగు కేబుల్ చేయిస్తే ఏది పొడుగవ్వాలి?

మేనకోడలు: ఔటరూ ఇన్నరూ రెండూ ఒకే కొలత పెరగాలి. ఔటరు ఒక్కటే పెంచితే ఇన్నరు ఇంకా పొట్టిదవుతుంది. కొలతిస్తే చేసిచ్చేవాళ్ళు ఆటోనగర్‌లో ఉన్నారు. ముందు బ్రేకు ఇన్నరు చివర నిపిల్ మాత్రం ఇంట్లో అతికించను. అది ఊడితే బ్రేకే లేదు. దాన్ని తెలిసిన చేతికే ఇస్తాను.

మావయ్య: పాఠం వచ్చింది. అయినా నా మనసు ఒప్పదు. చట్టం సంగతి చూడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదంటుంది. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని చెప్పింది. అదే ఏడాది సవరణలో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. పదిహేనేళ్ళు దాటిన బండి కాబట్టి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. ప్రతిసారీ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టాలి.

మేనకోడలు: ఆర్‌సీలో ఇంజిను నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్లు ఉంటాయి. హ్యాండిల్‌కి అందులో గడి లేదు. అంతమాత్రాన నాకేమీ పట్టదనీ అనను. మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టరుని ముందే అడుగుతాను. వద్దంటే మానేస్తాను. దాచి చేసే పని నాకు అక్కర్లేదు. నా మార్పు ఎలాంటిదో చూడు. నేనేమీ కోయడం లేదు, వెల్డింగు చేయడం లేదు, రాడ్డుకి కొత్త చిల్లు వేయడం లేదు. చిల్లు వేస్తే రాడ్డు అక్కడే బలహీనమవుతుందని నాకు తెలుసు. నాలుగు బోల్టులు విప్పితే బండి మళ్ళీ నాన్న నడిపిన బండే.

మావయ్య: అసలు బాధ అదేనమ్మా. అది బావ నడిపిన బండి. ఆ హ్యాండిల్ ఆయన చేతుల్లో అరిగింది. ఈ బండికి యాభై ఏళ్ళు నిండే రోజు ఎంతో దూరంలో లేదు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు ఉంది. అప్పుడు బోల్టు కూడా విలువైందే. ఇలాంటి బండ్లు రోజుకొకటి తుక్కుకి పోతున్నాయి. మిగిలినవాటినైనా చేసినట్టు ఉంచడం మన బాధ్యత కాదా? ఒకడు హ్యాండిల్ మారుస్తాడు, ఇంకొకడు ట్యాంకు, ఇంకొకడు సీటు. చివరికి ఆ కాలంలో బండి ఎలా ఉండేదో చూపడానికి ఒక్కటీ మిగలదు.

మేనకోడలు: ఆ నిబంధన ఛాసిస్, బాడీ, ఇంజిను మార్చొద్దంటుంది. వాటి జోలికి నేను పోవడం లేదు. పాత బోల్టులు నూనె రాసి, కాగితంలో చుట్టి, పేరు రాసి పెడతాను. కేబుళ్ళు కూడా. ఇంకో మాట. పాత బండి పాడయ్యేది మార్పుల వల్ల ఒక్కటే కాదు, నడపకపోవడం వల్ల కూడా. సీళ్ళు ఎండిపోతాయి, ట్యాంకులో తుప్పు పడుతుంది, కార్బొరేటరులో పెట్రోలు జిగురు కడుతుంది. నొప్పెట్టే బండిని ఎవరు నడుపుతారు? నేను నెలకోసారి స్టార్ట్ చేసి మళ్ళీ కవరు కప్పేస్తే అది అసలు రూపంలోనే పాడవుతుంది. హాయిగా చెయ్యి ఆనితేనే ప్రతి ఆదివారం తీస్తాను. కాపాడడం అంటే నా లెక్కలో అది.

మావయ్య: నడవాలన్న మాట కాదనలేను. అయితే రైజర్ల దాకా ఒప్పుకుంటాను, రాడ్డు మార్చడానికి ఒప్పుకోను. పని కూడా నా పద్ధతిలోనే జరగాలి. ముందు ప్రతి వైరు ఏ దారిన పోతోందో ఫోనులో ఫోటోలు తీయి. బ్యాటరీ వైరు విప్పు. ట్యాంకు మీద దుప్పటి కప్పు. రైజర్లు పెట్టి బోల్టులు సగమే బిగించు. కూర్చో, తిప్పు. గ్రిప్పులు వెనక్కొచ్చాయి కాబట్టి లోపలివైపు చెయ్యి ట్యాంకుకి దగ్గరవుతుంది. రెండు వైపులా చివరిదాకా తిప్పినా బొటనవేలు ట్యాంకుకీ గ్రిప్పుకీ మధ్య నలగకూడదు. నలిగితే ఆ రైజరు నీది కాదు, వెనక్కిచ్చెయ్యి. అన్నీ కుదిరాకే టార్క్ పానాతో సమంగా బిగించు. ముందు ఖాళీ గ్రౌండులో నెమ్మదిగా నడిపి, బ్రేకు వేసి చూసి, ఇంటికొచ్చి బోల్టులు మళ్ళీ చూడు.

మేనకోడలు: అన్నిటికీ సరే. నాదీ ఒక షరతు. రైజర్లతో ఒక వర్షాకాలం నడిపాక కూడా నా మణికట్టు తిన్నగా లేకపోతే, కొసలు నా వైపు వంగిన రాడ్డు గురించి మళ్ళీ మాట్లాడదాం. అప్పుడు 'పాతది కాబట్టి వద్దు' అనకూడదు. కొలత తీయకుండా మార్చమనే షాపువాడి మాట నేను వినను. కొలత చూడకుండా వద్దనే మాట ఎవరన్నా, నువ్వన్నా, వినను.

మావయ్య: టేపు పట్టుకుని వస్తే ఎప్పుడైనా వాదిస్తాను. రాడ్డు విషయంలో మాత్రం నన్ను ఒప్పించడం తేలిక కాదు.

మేనకోడలు: తేలిక కావాలని నేనూ అనుకోవడం లేదు. మర గేజి తీసుకుని ఆదివారం పొద్దున్నే రా మావయ్యా. ముందు ఆ బోల్టులు ఏ మరవో తేలుద్దాం.